పదకొండు గంటల విమానం

బస్టాండ్‌లో కంట్రోలర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషికి ఆ రోజు ఒకటే పని: విదేశం నుంచి వస్తున్న కాబోయే వియ్యాలవారిని విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకురావడం. కూతురు మనసుపడ్డ సంబంధం. వియ్యపురాలు టైము తప్పితే మనిషినే కాదనే రకమని విన్నాడు. ఆవిడ ఇల్లూ మనుషుల్నీ చూసి ఊఁ అంటేనే పెళ్ళి.

వాళ్ళు పంపిన టిక్కెట్టు చూసి ఆయన పకపకా నవ్వాడు. "ఏమేవ్! ఏడింటికి బయల్దేరి పన్నెండున్నరకి దిగుతారట. తొమ్మిది వేల కిలోమీటర్లు అయిదున్నర గంటల్లో! అది విమానమా, తూటానా?"

"వాళ్ళకి తెలీదా ఏంటండీ?" అంది భార్య.

"బస్సు టైములే తప్పు రాసేవాళ్ళని చూశా. వీళ్ళెంత!"

రూఢి చేసుకుందామని, వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కాబోయే అల్లుడికి ఫోన్ చేశాడు. "పదకొండు గంటల ప్రయాణం మావయ్యా" అని చెప్పి ఆ అబ్బాయి పెట్టేశాడు. ఇంకేం! ఏడుకు పదకొండు కలిపితే సాయంత్రం ఆరు. ఎక్కిన చోట గడియారం ఒకటి, దిగిన చోట ఇంకొకటి ఉంటాయన్న బాధ ఆయన బస్సులకు ఎన్నడూ తగలలేదు.

పగలంతా మిగిలిపోయింది. భార్యను బజారుకు తోలి, ముందుగది గోడలు వెలిసిపోయాయి కదా అని చిరుగుల బనీనుతో నిచ్చెనెక్కాడు. గోడ సగం, మీసం మొత్తం నీలంగా మారేసరికి గుమ్మంలో పెట్టె దింపిన చప్పుడైంది.

"ఏమయ్యా పెయింటరూ, ఇంటివాళ్ళేరీ?"

ఫోటోలో చూసిన ముఖమే! ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. నిజం చెబితే సంబంధానికి నీళ్ళొదులుకోవడమే.

"మీకోసమే ఎయిర్‌పోర్టుకెళ్ళారమ్మా."

"కాళ్ళు పీకేదాకా నిలబడ్డాను. పిట్ట కనపళ్ళేదు, అక్కణ్ణుంచి ఫోనూ కలవలేదు!" అంటూ ఆవిడ ఫోన్ నొక్కింది. పెయింటర్ జేబు మోగింది. ఆయన నిచ్చెన మీంచి దూకి వంటింట్లోకి పరుగెత్తాడు.

"వదినగారూ! ఎయిర్‌పోర్టులోనే ఉన్నామండీ. మీ విమానం ఇంకా దిగలేదుగా?"

"నేను మీ ఇంట్లో ఉన్నాను అన్నయ్యగారూ. ఎవడో పెయింటర్‌కి ఇల్లంతా అప్పజెప్పి పోయారేంటి? దొంగచూపులూ వాడూ!"

"అబ్బే, నెమ్మదస్తుడండీ! మా ఇంట్లో మనిషే!"

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తోసుకుని భార్య వచ్చింది. "ఇంకా గోడ కాలేదా? అవతల ఆవిడ సాయంత్రానికల్లా దిగిపోతుంది!"

ఆ కేక వియ్యపురాలికి ఒక చెవిలో ఫోన్లోంచి, రెండో చెవిలో వంటింట్లోంచి వినిపించింది. ఆవిడ నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తప్పంతా నాదే వదినగారూ," అని ఆయన తన లెక్క మొత్తం ఒప్పజెప్పాడు. "నన్ను తిట్టండి. మా పిల్లకి మాత్రం అన్యాయం చేయకండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. పెదవి అదిరింది. చివరికి నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది.

"నేనొక్కదాన్నే ఎందుకొచ్చాననుకున్నారు? మా ఆయన మీకన్నా ఘనుడు. అయిదున్నర గంటల ప్రయాణానికి తిండెందుకని విమానంలో పెట్టింది తిరగ్గొట్టారు. దిగాక, తన మిగతా అయిదున్నర గంటలు ఎవరు మింగారో తేల్చేదాకా కదలనని కౌంటర్ దగ్గర బైఠాయించారు. ఆయన్ని చూసి మీరెక్కడ సంబంధం వద్దంటారోనని దారంతా హడలి చచ్చా!"

"ఉండండి, నేనెళ్ళి బావగారికి నచ్చజెప్పి తీసుకొస్తా" అంటూ ఆయన చొక్కా అందుకున్నాడు.

"వద్దు!" అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే.

పెళ్ళి ఖాయమనీ, టైము మాత్రం పిల్లలే పెట్టుకోవాలనీ ఇద్దరూ అక్కడే తేల్చేశారు. కాదనగలిగిన ఒకే ఒక్క మనిషి ఇంకా కౌంటర్ దగ్గరే ఉన్నాడు.