అత్తగారి అభిఘాతం

ఫిజిక్సు మాస్టారికి ఆ పొద్దున ఒకటే పని. ప్రిన్సిపాల్ గారి ముందు ఒక్క పాఠం చెప్పాలి. పిల్లలకి అర్థమైతే ఉద్యోగం పర్మనెంటు, కాకపోతే ఇంటిదారి. పాఠం పేరు అస్థితిస్థాపక అభిఘాతం. రెండు వస్తువులు చెరో దిక్కు నుంచీ వచ్చి ఢీకొని, అతుక్కుపోయి, ఏటవాలుగా పోతాయన్నమాట. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మాస్టారి కొంప మీదికి తెచ్చాడు.

అద్దం ముందు టై కట్టుకుంటూ ఆయన పైకే అనేశారు. "ఏమైతే అయింది! ఇవాళ అభిఘాతం చేసి చూపించాల్సిందే!"

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారికి కాస్త చెవుడు. ఆవిడకి వినబడింది "అఘాయిత్యం".

"అమ్మాయ్! మీ ఆయన అఘాయిత్యం చేస్తానంటున్నారే!"

"ఉద్యోగం బెంగమ్మా. ఏదో గొణుక్కుంటారులే," అంది కూతురు దువ్వెన వెతుక్కుంటూ.

ఆవిడ మనసు ఊరుకుంటేనా! అల్లుడు గడప దాటారో లేదో, చెప్పులేసుకుని కాలేజీకి బయల్దేరింది.

అక్కడ మాస్టారి అవస్థ ఏం చెప్పమంటారు! ప్రిన్సిపాల్ గారు వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని రెండు బొమ్మకార్లకి మైనం అద్ది బల్ల మీద వదిలితే, మైనం కాస్తా గట్టిపడి, అవి అతుక్కోకుండా చెరో మూలకీ పారిపోయాయి. పిల్లలు ఘొల్లుమన్నారు. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

రెండు వరండాలు కలిసే మూలన ఉంది ఆ క్లాసు. అప్పుడే సబ్బునీళ్లతో కడిగారు. ఒక వరండాలో ప్రిన్సిపాల్ గారు హుందాగా అడుగులేస్తూ వస్తున్నారు. రెండోదాంట్లో అత్తగారు, "అల్లుడుగారూ, తొందరపడకండీ!" అని కేకలేస్తూ పరుగు. మూల దగ్గర ఇద్దరూ ఢీ! పడిపోకుండా ఆవిడ చేతికందినదాన్ని పట్టుకుంది. అందింది ప్రిన్సిపాల్ గారి కోటు. ఇద్దరూ కలిసి ఏటవాలుగా జారుకుంటూ, తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి బోర్డు ముందు కూలబడ్డారు.

"అఘాయిత్యమేమీ చెయ్యలేదు కదా బాబూ?" రొప్పుతూ అడిగింది అత్తగారు.

"అభిఘాతం అత్తయ్యగారూ! అభిఘాతం!" మాస్టారు తల పట్టుకున్నారు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నారు.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఢీకొన్నాక ఇద్దరూ ఆవిడ పరిగెడుతున్న వైపుకే ఎక్కువ మొగ్గారెందుకు సార్?"

అంతే, మాస్టారు లోకం మరిచిపోయారు. సుద్దముక్క అందుకుని బోర్డు మీద ఇద్దరికీ చెరొకటి చొప్పున రెండు బాణాలు గీశారు. "ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. ఎవరిది ఎక్కువైతే అటు మొగ్గు. మొత్తం మాత్రం ఎక్కడికీ పోదు. అతుక్కున్నాక ఇద్దరికీ కలిపి అంతే ఉంటుంది!"

"ఓహో!" అంది క్లాసంతా.

"నా బాణం మరీ అంత పొట్టిదేమిటండీ?" నేల మీంచి అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"తమరు మెల్లగా వచ్చారు సార్."

ఆయన లేచి, కోటు దులుపుకుని, పిల్లల్ని తలా ఒక ప్రశ్న అడిగారు. అందరూ టకటకా చెప్పేశారు. "ఇన్నేళ్లకి ఈ పాఠం నాకే ఇవాళ అర్థమైంది. ఉద్యోగం మీదేనండీ!" అన్నారు. మాస్టారికి కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు పక్క సెక్షన్ పిల్లలు తమకీ అదే పాఠం, అచ్చం అలాగే చెప్పాలని పట్టుబట్టారు. అత్తగారు సరేనంది. ప్రిన్సిపాల్ గారు సెలవు పెట్టారు.