మూడు దీపాల పాలకూర

మొక్కకు ఊదా వెలుగు తల్లిపాలతో సమానమని, ఆ వెలుగు కింద పెడితే ఎండుపుల్ల అయినా చిగురిస్తుందని ఈ మధ్య జనంలో ఒక నమ్మకం బలపడింది. తూనికలు, కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు గారికి నమ్మకాలతో పేచీ ఏమీ లేదు. వాటిని తూచకుండా వదిలిపెట్టడమే ఆయనకు చేతకాదు. అందుకని ఒక ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు కింద పెడుతూ, మధ్యగదిలో మట్టి లేకుండా నీళ్లలోనే పాలకూర పెంచబోతున్నానని, ఏ దీపం కింద బాగా పెరుగుతుందో తేల్చి ఆ దీపాన్నే గదికి శాశ్వతంగా బిగిస్తానని ప్రకటించారు.

"మధ్యగది నా కుట్టుమిషనుకని పోయినేడే అనుకున్నాం కదండీ," అంది భార్య. "ఆరుగురు కుట్టు నేర్చుకోవడానికి వస్తామంటున్నారు. వాళ్లని పొయ్యి పక్కన కూర్చోబెట్టనా?"

"ముప్పై రోజులు గడువివ్వు."

"మీ సంగతి నాకు తెలీదా? బాత్రూమ్ కుళాయి కారుతోంది, బాగుచేయించండి అన్నాను. నిమిషానికి ఎన్ని చుక్కలు కారుతున్నాయో రాసిపెట్టారు."

"పద్దెనిమిది," అన్నారాయన, లెక్క తప్పకూడదని.

చివరికి ఒప్పందం కుదిరింది. ముప్పయ్యో రోజుకు ఏ దీపం పెట్టాలో తేల్చి చెబితే గది ఆయనది. తేల్చలేకపోతే మర్నాడు పొద్దున్నే కుట్టుమిషను లోపలికి వస్తుంది. ఇక వాయిదాలు ఉండవు. మంచం మీద కూర్చున్న ఆయన అత్తగారు దీనికి సాక్షి.

ఇన్‌స్పెక్టరు గారు మూడు అరల ఇనుప స్టాండు తెచ్చారు. పై అరకు ఊదా దీపం, నడిమి అరకు తెల్లని ఎల్.ఇ.డి., కింది అరకు మామూలు ట్యూబులైటు బిగించారు. ఊదా దీపం బావమరిది తెచ్చినది. తన స్నేహితుడి కొట్లో దాన్ని తానే ఏరి, తానే మోసుకొచ్చి, "బావా, రాసిపెట్టుకో. నా దీపం కింద ఆకు నీ చెయ్యంత అవుతుంది," అని పందెం కాసినంత పని చేశాడు.

"రాసిపెట్టుకోవడానికే పుస్తకం కొన్నాను," అన్నారు బావగారు.

ఒకే రోజు మొలిచిన నారును లెక్కపెట్టి, ట్రేకు పన్నెండు మొక్కల చొప్పున మూడు ట్రేలలో పెట్టారు. ఒకే నీరు, ఒకే మోతాదు ఎరువుమందు. దీపానికీ ఆకుకూ మధ్య దూరం స్కేలుతో కొలిచారు. అరల మీద ఒకటి, రెండు, మూడు అని చెరగని సిరాతో అంకెలు వేశారు. ఊళ్లోని ప్రతి పడికట్టు మీదా ముద్ర ఉందో లేదో చూస్తూ ఉద్యోగం గడిపిన మనిషి, ముద్ర అరల మీద వేశారు గాని ట్రేల మీద వేయలేదు. ట్రేకు కాళ్లుంటాయని ఆయన శాఖలో ఎవరూ చెప్పలేదు.

వారం రోజుల తరువాత ఆయన కొలతలు వింతపోకడలు పోవడం మొదలుపెట్టాయి. నిన్న మూడు అంగుళాలున్న పై అర పాలకూర ఇవాళ రెండున్నరకు దిగింది. ట్యూబులైటు కింది మొక్కలు రాత్రికి రాత్రి ఎత్తు పెరిగాయి. గ్రాఫు కాగితం మీద మూడు రంగుల గీతలు జడ అల్లుకుంటూ పోయాయి. ఆకు పెరగడం సహజమే. తగ్గడానికి శాస్త్రంలో దారి లేదు. స్కేలు అరిగిందేమోనని ఆయన కొత్త స్కేలు కొన్నారు. ఆపైన కళ్లద్దాలు మార్చారు. ఆపైన ఒక్కో ఆకునూ ముగ్గురి చేత విడివిడిగా కొలిపించారు. ఆ ముగ్గురు భార్య, అత్తగారు, అప్పుడప్పుడు వచ్చే బావమరిది. ముగ్గురూ బుద్ధిగా కొలిచారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

ముప్పయ్యో రోజున అపార్టుమెంటు సెక్రెటరీ సమక్షంలో పాలకూర కోసి తూచారు. మొదటి అర నాలుగు వందల పన్నెండు గ్రాములు. రెండోది నాలుగు వందల పదిహేను. మూడోది నాలుగు వందల పదకొండు.

ఇన్‌స్పెక్టరు గారు త్రాసును ఖాళీగా ఉంచి ఒకసారి, ముద్ర ఉన్న పడికట్టు పెట్టి ఒకసారి సరిచూశారు. త్రాసులో దోషం లేదు. "ఈ మాత్రం తేడా లెక్కలోకి రాదు," అని తీర్పు చెప్పారు. "మూడూ ఒకటే. ఊదా వెలుగు మహిమ వట్టిది. ట్యూబులైటు చాలు."

"అంటే గది..." అంది భార్య.

"తేలింది కదా," అన్నారాయన.

ఆమె ఎదురుగా ఉన్న కత్తెరను పెట్టెలో పెట్టుకుంది.

సెక్రెటరీకి ఉత్సాహం ఎక్కువ. సాయంత్రానికల్లా మెట్ల దగ్గర నోటీసు వేలాడింది: "శాస్త్రీయంగా నిరూపితం. మొక్కలకు ఏ దీపమైనా ఒకటే. ఇట్లు, మన ఇన్‌స్పెక్టరు గారు." మర్నాడు పొద్దున్న నాలుగిళ్లవాళ్లు ఊదా దీపాలు పట్టుకుని కొట్టు మీద పడ్డారు. కొట్టువాడు బావమరిదికి ఫోను చేశాడు. బావమరిది చెప్పులు వాకిట్లో విడవడం కూడా మరిచి లోపలికొచ్చాడు.

"ఏంటి బావా ఇది? మూడూ ఒకటే ఎలా అవుతాయి?"

"తూచాను."

"నీ తూకం తగలెయ్య! వచ్చిన ప్రతిసారీ నా దీపం కింద ట్రేలో రెండేసి చెంచాలు మందు ఎక్కువేశాను. అయినా ఒకటేనంటే నేను నమ్మాలా?"

ఇన్‌స్పెక్టరు గారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"వాణ్ణేమీ అనకండి బాబూ," అంది అత్తగారు మంచం మీంచి. "ఆ ఊదా వెలుగు నా కళ్లలో పొడుస్తుంటే, మధ్యాహ్నం నేను నడుం వాల్చిన రెండు గంటలూ ఆర్పేసేదాన్ని. దానికొక్కదానికే విశ్రాంతి ఇస్తే మిగతావి చిన్నబుచ్చుకోవూ? అందుకని మూడూ ఆర్పేదాన్ని."

"పోనీలెండి అత్తయ్యా, మూడూ ఆర్పారు, పోలికకు దెబ్బలేదు," అన్నారాయన నుదురు తుడుచుకుంటూ. "కానీ మందు ఎక్కువ పడ్డ ట్రే కూడా సమానంగా ఎలా తూగింది?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య తమ్ముడి వైపు చూసింది.

"నీ మందు ఒక్క ట్రేకే పడిందనుకుంటున్నావురా? మీ బావగారు పొద్దున్న వాకింగుకు వెళ్లగానే ట్రేలు మార్చేదాన్ని. పైది కిందకి, కిందది మధ్యకి. అన్నిటికీ వంతులొచ్చేలా."

"ఎందుకే?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఒకే రోజు పుట్టినవి కదండీ. పైదానికి దర్బారు దీపం, కిందదానికి గుడ్డి ట్యూబులైటు. అలా ఎలా చూస్తూ ఊరుకుంటాం?"

"గది కోసం..."

"గది కోసమైతే అంత శ్రమెందుకు? నీళ్లు పొయ్యడం మానేస్తే సరిపోయేది."

గ్రాఫు మీద జడ అల్లుకున్న గీతలకు ఆయనకిప్పుడు జవాబు దొరికింది.

బావమరిది ముందుగా తేరుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. గదిలో నలుగురమే ఉన్నాం. ఎవరూ నోరు విప్పకపోతే ఫలితం ఫలితమే, గది నీదే బావా. నా దీపం పరువు నేను ఎలాగో చూసుకుంటా."

"నేనూ చెప్పలేదనుకోండి," అంది భార్య. "మీరు అంత ఇష్టపడి ఈ స్టాండు కట్టుకున్నారు. కుట్టు నేర్చుకునే పిల్లలకి వంటింట్లోనే చాప పరుస్తాను."

ఇన్‌స్పెక్టరు గారు స్టాండు వైపు చూశారు. కోసేసిన మొదళ్లలో అప్పుడే కొత్త చిగుళ్లు. గ్రాఫు కాగితం వైపు చూశారు. జేబులోంచి పెన్ను తీసుకుని మెట్లు దిగారు.

నోటీసు దగ్గర సెక్రెటరీ ఎవరికో శాస్త్రం విప్పిచెబుతున్నాడు. ఆయన్ని చూసి, "రండి సార్, మీ గురించే!" అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు నోటీసు కింద ఉన్న ఖాళీలో, అక్షరం వంకర పోకుండా రాశారు: "పై ఫలితం చెల్లదు. కారణం: ఇంటివారి జాలి." కింద సంతకం, తేదీ, సమయం.

"అదేంటి సార్, నాలుగిళ్లవాళ్లు దీపాలు తిరిగిచ్చేశారు!"

"మళ్లీ తెచ్చుకోమనండి. లేదా మానమనండి. ఏది మంచిదో నాకు తెలియదు."

ముప్పై రెండేళ్లలో ఆ చివరి మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. సెక్రెటరీ అది వినయమనుకుని, నోటీసుకు అద్దం బిగించాడు.

మర్నాడు పొద్దున్నే మధ్యగదిలోకి కుట్టుమిషను వచ్చింది. బావమరిదే మోశాడు. ట్రేలు కిటికీ అరుగు మీదికి చేరాయి. మూడు దీపాలూ స్టాండు దిగి గోడ మీదికెక్కాయి. కుట్టు నేర్చుకునే ఆరుగురూ చాప మీద కూర్చున్నారు. భార్య సూదీ నల్లదారమూ పట్టుకుని ఊదా దీపం కింద ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి నిలబడి, తెల్లదీపం కింద దారం ఎక్కించి, "ఇది ఉంచి మిగతావి తీసెయ్యండి," అంది. ఇన్‌స్పెక్టరు గారు స్టూలెక్కి రెండు దీపాలు విప్పారు. దిగాక పుస్తకం తెరిచి రాసుకున్నారు:

"ముప్పై రెండో రోజు. ఎంపికైన దీపం: రెండోది. ఎంపికకు పట్టిన సమయం: పదకొండు సెకన్లు. తొలిరోజు దిగుబడి: దిండు గలేబులు, రెండు."