ముఖం ప్రజల వైపు

శిక్షణ పొందని ఏ తల్లీ ఇకమీదట బిడ్డకు పాలివ్వడానికి వీల్లేదని మాతాశిశు సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజు చరిత్రలో నిలిచిపోదగ్గది. అంతవరకు ఈ పనిని ఎవరికి తోచినట్టు వాళ్లు, ఏ ప్రభుత్వ పర్యవేక్షణా లేకుండా, తరతరాలుగా చేసుకుంటూ వచ్చారు. ఆ అరాచకానికి మంత్రిగారు ఒక్క రిబ్బను కత్తిరించి తెరదించారు.

ఆసుపత్రి మేడమీద హాల్లో కాబోయే తల్లిదండ్రుల తరగతి మొదలైంది. ముందు కుర్చీల్లో అధికారులు, వాళ్ల వెనక పార్టీవాళ్లు, వాళ్ల వెనక విలేకరులు కూర్చున్నారు. నిండు గర్భిణులు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈ దశలో నిలబడటం ఒంటికి చాలా మంచిదని శాఖ డైరెక్టరుగారు కూర్చునే మైకులో చెప్పారు.

గోడ దగ్గర నిలబడ్డవాళ్లలో శాఖ ఫోటోగ్రాఫరు భార్య ఒకతె. ఫోటోగ్రాఫరును ఆఫీసులో అందరూ ఫ్లాష్ అంటారు. ఆమెకిది తొలి కాన్పు. మొగుడూ పెళ్లాలిద్దరికీ తల్లులు లేరు. బిడ్డను ఇలా ఎత్తుకో, అలా పడుకోబెట్టు అని చెప్పే పెద్దదిక్కు ఆ ఇంట్లో లేదు. "నాకు చేతకాకపోతే బిడ్డ పస్తుంటుందా అండీ?" అని ఆమె కంచం ముందు కూర్చుని అడిగితే, "తరగతి పెడుతున్నారుగా, అన్నీ నేర్పిస్తారులే" అంటూ వచ్చాడు ఫ్లాష్. వాళ్లకున్న ధైర్యమంతా ఆ తరగతే.

"ఏ పనైనా ముందు నేను చేసి చూపిస్తాను!" అంటూ మంత్రిగారు బల్లమీది రబ్బరు బొమ్మను అందుకున్నారు. ఆయనకూ ఒక తల్లి ఉండేది కాబట్టి కాబోలు, బొమ్మను సరిగ్గానే హత్తుకున్నారు. పొట్టకు పొట్ట ఆనింది. ముఖం రొమ్ములో ఒదిగింది. ఆయన మొహం కూడా ఒక్క క్షణం మెత్తబడింది.

"సార్, బిడ్డ ముఖం కనబడటం లేదు" అన్నాడు ఫ్లాష్.

"ఎటు తిప్పమంటావ్?"

"కెమెరా వైపు సార్."

మంత్రిగారు తిప్పారు. బొమ్మ వీపు ఆయన ఎదకు ఆనింది, ముఖం జనాన్ని చూసి నవ్వింది. ఫ్లాష్ తన పని తాను చేశాడు.

ఆ ఫోటో పత్రికల్లో వచ్చింది. పోస్టరై బస్టాపులకూ ఆసుపత్రి గోడలకూ ఎక్కింది. ఒక పిల్లల డాక్టరు మాత్రం డైరెక్టరుగారిని వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, పోస్టర్లో బిడ్డ నోరు అవతలి వైపు ఉంది. అలా ఉంటే పాలెలా తాగుతుంది?"

"పోస్టర్లు ఎక్కడెక్కడ అంటించారో చూశావా?"

"ఊరంతా సార్."

"అయితే తాగుతుంది."

అయినా డైరెక్టరుగారు మొండి మనిషి కాదు. నిపుణుల సంఘం వేశారు. బిడ్డ ముఖం ప్రజల వైపు ఉంటే పుట్టినప్పటి నుంచే సమాజంతో అనుబంధం పెరుగుతుందని, ఎంతసేపూ తల్లినే చూసే బిడ్డ స్వార్థపరుడయ్యే ప్రమాదముందని సంఘం తేల్చింది. పాలు అందకపోవడాన్ని చిన్న సాంకేతిక లోపంగా గుర్తించి, రెండో దశలో పరిశీలించాలని సూచించింది.

తరువాతి వారం ఫ్లాష్ భార్యను వెంటబెట్టుకుని తరగతికి వెళ్లాడు. పాఠం చెప్పే నర్సమ్మ పోస్టరు ముందు నిలబడి కొత్త పద్ధతి చదివి వినిపించింది.

"అలా వెనక్కి తిరిగి తాగడానికి వాడి మెడేమైనా స్ప్రింగా అమ్మా?" అంది ఫ్లాష్ భార్య.

నర్సమ్మ ఆమె వంక చూసింది, తలుపు వంక చూసింది. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నోటితో చెప్పేది సర్కారు పాఠం. చెయ్యి మాత్రం నాది. చెవులు మూసుకుని కళ్లు తెరుచుకోండమ్మాయ్."

"ముఖం ప్రజల వైపు ఉండవలెను" అని బిగ్గరగా చదువుతూ ఆవిడ బొమ్మను తల్లి వైపు తిప్పింది. పొట్టను పొట్టకు ఆనించింది. గొంతు తగ్గించి, "ఆవలించినంత నోరు తెరిచేదాకా ఆగు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. గడ్డం నీకు తగలాలి. చెయ్యి నోట్లో పెట్టుకుంటున్నాడంటే ఆకలేసినట్టే. ఏడ్చేదాకా ఉంచకు, ఏడుపు వాడి ఆఖరి దరఖాస్తు" అంది. ఫ్లాష్ వైపు తిరిగి, "ఏం బాబూ, ఫోటోలేనా? దిండు సర్దడం, మంచినీళ్లందించడం, తాగాక భుజాన వేసుకుని వీపు నిమరడం నీ డ్యూటీ" అంది.

ఫ్లాష్ బుద్ధిగా తలూపాడు.

ఇంటికి వెళ్లే దారిలో భార్య అడిగింది. "ఏమండీ, ఆ పోస్టరు ఫోటో తీసింది మీరే కదూ?"

"ముఖం కనబడలేదు మరి."

"తాగే బిడ్డ ముఖం ఎందుకు కనబడుతుందండీ?"

ఫ్లాష్ ఆమె చేతిలోని సంచి అందుకుని ముందుకు నడిచాడు.

కొడుకు పుట్టాడు. తుడిచి తల్లి గుండెలమీద పడుకోబెడితే కాసేపు వెతుక్కున్నాడు, ముక్కుతో రాసుకున్నాడు, ఆవలించినంత నోరు తెరిచాడు. గుటక వినబడింది. దిండు సర్దుతున్న ఫ్లాష్‌కు తన మెడలో కెమెరా ఉన్న సంగతే గుర్తులేదు.

వాళ్లను ఇంటికి పంపే రోజునే మంత్రిగారి తనిఖీ పడింది. ముందుగా వచ్చిన డైరెక్టరుగారు వార్డంతా తిరిగి, పాలు తాగుతున్న ప్రతి బిడ్డనూ ఆపించి, ముఖాలు ప్రజల వైపు తిప్పించారు. ఏడుపులతో వార్డు దద్దరిల్లింది. ఆయన చివరి మంచం దగ్గర ఆగారు.

"ఏమ్మా, బిడ్డను తిప్పు."

"వాడు భోజనంలో ఉన్నాడండీ. అయ్యాక తిరుగుతాడు."

"మంత్రిగారు వస్తుంటే భోజనమా?"

"ఆ మర్యాదలు వాడికింకా తెలీవండీ. మొన్ననే వచ్చాడు."

డైరెక్టరుగారు అటు తిరిగారు. "ఏమయ్యా ఫ్లాష్, మీ ఆవిడకు చెప్పు. ఉద్యోగం ఉండాలా వద్దా?"

ఫ్లాష్ భార్యను చూశాడు. కదులుతున్న కొడుకు దవడను చూశాడు. కెమెరాను కంటికి ఆనించుకున్నాడు.

"సార్, వెనక కిటికీ వెలుగు కొడుతోంది. ఈ మంచం ఫ్రేములోకి వస్తే మంత్రిగారు నల్లగా పడతారు."

డైరెక్టరుగారు స్వహస్తాలతో ఆ మంచం చుట్టూ తెర లాగారు.

మంత్రిగారు వచ్చారు. "ఏమిటయ్యా ఈ గోల?"

"మీకు స్వాగతం సార్."

మంత్రిగారు నిలబడి విన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"స్వాగతం కాదయ్యా, ఆకలి! ఇంత శిక్షణ ఇచ్చినా బిడ్డలకు పాలు లేవంటే అది ప్రకృతి వైఫల్యం. ప్రకృతి విఫలమైన చోట ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఇంటింటికీ పొడిపాల డబ్బా!"

డైరెక్టరుగారు ఆ మాట జీవితంలో మొదటిసారి విన్నట్టు నోరు తెరిచారు. తరువాత వేలు ఊపారు. డ్రైవరు కారు డిక్కీలోంచి డబ్బాల పెట్టె మోసుకొచ్చాడు. డబ్బామీద పథకం పేరుంది, మంత్రిగారి సంతకముంది. మధ్యలో గుండ్రంగా కాస్త చోటు ఖాళీగా ఉంది.

"అక్కడ బిడ్డ బొమ్మ రావాలి సార్. కళకళలాడే బిడ్డ. ఇప్పుడే తీయించేస్తాను."

మంచం మంచానికీ వెళ్లి వెతికారు. ఏ బిడ్డను చూసినా ముఖం కందిపోయి గుక్కపట్టి ఉంది. చివరికి డైరెక్టరుగారికి తెర గుర్తొచ్చింది. తొలగించారు.

ఫ్లాష్ కొడుకు తాగడం ముగించి, పిడికిళ్లు వదిలేసి, తల్లి ఒళ్లో వెల్లకిలా పడి నిద్రలో నవ్వుతున్నాడు.

"అబ్బ! బిడ్డంటే ఇలా ఉండాలయ్యా!" అని మంత్రిగారు మురిసిపోయారు. బిడ్డ పక్కన డబ్బా పెట్టించారు. "తియ్యవయ్యా ఫ్లాష్."

ఫ్లాష్ కదల్లేదు. భార్య డబ్బాను ఓసారి చూసి దుప్పటి సర్దుకుంది.

"తీయండి. వాడి కడుపు నిండిందిగా, ఇక ఎటు తిప్పితే నాకేం?"

ఫ్లాష్ కెమెరా ఎత్తాడు. దించాడు. కొడుకు పెదవి చివర ఒక పాలచుక్క నిలిచి ఉంది. జేబురుమాలు తీసి తుడవబోయాడు.

"ఆగాగు!" డైరెక్టరుగారు అతని చెయ్యి పట్టుకున్నారు. "ఆ చుక్క ఉండనీవయ్యా. మన పొడి ఎంత బాగా కలుస్తుందో జనానికి తెలియొద్దూ?"