చెట్లు చూపించే లెన్సు

సంపత్‌తో కాపురం చేయడానికి కృపకు పెద్దగా ఇబ్బందేమీ లేదు, అతను ఏదీ కొననంతవరకు. కొనాలనుకున్నాడా, ఇక ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. పోయిన ఏడు మార్చిలో సీలింగ్ ఫ్యాను కొనాలనుకున్నాడు. మూడు రెక్కలదా, నాలుగు రెక్కలదా అని ఫోనులో వీడియోలు చూశాడు. సూర్యాపేటలో ఉన్న దుకాణాలన్నీ తిరిగాడు. ప్రతి దుకాణంలోనూ ఫ్యాను కింద నిలబడి, కళ్లు మూసుకొని, గాలిని అనుభవించాడు. చివరికి జులైలో ఇంటికి తెచ్చి బిగించాడు. ఆ రోజు ముసురు. కృప దుప్పటి కప్పుకొని స్విచ్ వేసింది.

అలాంటి మనిషి ఇప్పుడు సినిమా జూమ్ లెన్సు కొనబోతున్నాడు.

సంపత్ పన్నెండేళ్లుగా పెళ్లిళ్ల వీడియోలు తీస్తున్నాడు. కృప వాటిని ఇంట్లో కూర్చొని ఎడిటింగ్ చేస్తుంది. పెళ్లికొడుకు మేనమామ భోంచేస్తుంటే పరుగెత్తుకెళ్లి తీయాల్సిన బతుకు మీద సంపత్‌కు, ఆ మేనమామ పప్పు కలుపుకోవడాన్ని మూడుసార్లు వెనక్కీ ముందుకూ తిప్పి చూడాల్సిన బతుకు మీద కృపకు ఒకేసారి విరక్తి పుట్టింది. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి దేవదాసు అనే రిటైర్డ్ టీచరు ఫోను చేశాడు. ఆయన రాసుకున్న పది క్రైస్తవ గీతాలను వీడియోలు తీయాలి. ఆయన పట్టుదల ఒక్కటే: పాట మొదట్లో పొలమంతా కనిపించాలి. అక్కడి నుంచి ఎక్కడా తెగకుండా దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, పాడే మనిషి కంట్లో తడి కనిపించాలి. మామూలు లెన్సుతో అలా వస్తే నడుమ మొహం మసకబారుతుంది. సినిమా జూమ్ అయితే ఆ కొస నుంచి ఈ కొస వరకు స్పష్టంగా ఉంటుంది. అలాంటి షాటు ఒక్కటి శనివారం సాయంత్రం అయిదింటికి చూపిస్తే పది పాటలూ సంపత్‌వే. లేకపోతే ఆదివారం నుంచి హైదరాబాదు వాళ్లవి.

శనివారం పొద్దున ప్లాను సులువుగానే ఉంది. కోదాడలో రెండు లెన్సులు ఒక్క రోజుకు కిరాయికి తీసుకోవాలి. పాలకీడులో సంపత్ మేనత్త సత్తెమ్మ పొలంలో రెండింటితోనూ ఒకే షాటు తీసి, ఏది మంచిదో తేల్చుకోవాలి. అయిదింటికి మిర్యాలగూడలో ఉండాలి.

కోదాడలో కెమెరాలు కిరాయికిచ్చే ముఖేష్ రెండు లెన్సులూ బల్ల మీద పెట్టాడు.

"ఈ చిన్నది తీసుకో అన్నా, తేలిగ్గా ఉంటది, మీ పనికి సరిపోద్ది. పెద్దది నిజంగా సినిమా వాళ్లకి. కొనాలంటే మాత్రం ఆ ధరకి ట్రాక్టరు వస్తది."

కృప చిన్న లెన్సు చేతిలోకి తీసుకొని రింగు అటూ ఇటూ తిప్పింది. "ఇదే మంచిగున్నది. ఖతం. పోదాం పా."

"నీకేం తెల్వది," అన్నాడు సంపత్. "బరువుంటేనే లెన్సు."

తరువాత ముప్పావు గంట అతను పెద్దదాన్ని ఎత్తి దించి, చిన్నదాన్ని ఎత్తి దించి, మళ్లీ పెద్దదాన్ని ఎత్తాడు. ముఖేష్ రెండుసార్లు టీ తెప్పించాడు. మూడోసారి తెప్పించలేదు.

వ్యానులో పోతుంటే సంపత్ ఒక జాగ్రత్త చెప్పాడు. "ఎవ్వరడిగినా షూటింగని చెప్పకు. చెప్పినవంటే ఊరంత వచ్చి కెమెరా ముందల నిలవడ్తరు."

"మరి ఏం చెప్పాలె?"

"ఏం లేదను. ఊకెనే వచ్చినమను."

జూన్ మొదటి వారం. వానలు ఇంకా పడలేదు. సత్తెమ్మ పొలం, దాని వెనక ఉన్న మెట్ట చెలకలు అన్నీ ఖాళీగా, అరచేతిలా ఉన్నాయి. సంపత్ గట్టు మీద స్టాండు పాతి, ముందుగా కెమెరాకు చిన్న లెన్సు బిగించాడు. జూమ్ షాటుకు దూరాలు కచ్చితంగా తెలియాలి. అందుకని కృప కెమెరా నుంచి పొలంలోకి టేపు లాగి, పది పది అడుగులకు ముగ్గు పోసి, ఒక్కో దూరాన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఆ చివర నలుపూ తెలుపూ గీతల చార్టు అంటించిన కర్ర పాతింది. సంపత్ ఒంటికంటితో కర్రను చూస్తూ, "జర ఎడమకు! ఇంకొంచెం! ఆ, గాడనే!" అని అరుస్తున్నాడు.

సరిగ్గా ఈ ఘట్టంలో రవీందర్ సారు గొడుగు వేసుకొని అటు వచ్చాడు. రవీందర్ సారు ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో భూములు కొలిచే గొలుసు పట్టి రిటైరైన మనిషి. ఆ ఊళ్లో ఏ గట్టు ఎవరిదో గట్టుకు తెలియకపోయినా ఆయనకు తెలుసు.

"ఏం పని నడుస్తున్నది?"

"ఏం లేదు సారు. ఊకెనే," అన్నాడు సంపత్.

"ఊకెనే టేపు పట్టిన్రా?"

సంపత్ కృప వైపు చూశాడు. "ఊకెనే సారు," అంది కృప కూడా, నోటుబుక్కు వెనక్కి దాస్తూ.

"ఎవరు పంపిన్రు?"

"ఎవ్వరు పంపలే. సాయంత్రం మిర్యాలగూడల సారుకు సూపెట్టాలె, గంతే."

రవీందర్ సారు టేపు చూశాడు, ముగ్గు చూశాడు, కర్ర చూశాడు. గొడుగు మడిచి, వచ్చిన దారినే కాస్త వేగంగా వెళ్లిపోయాడు. పక్క చెలకలో కంప కొడుతున్న సక్కుబాయి ఎదురొచ్చింది.

"ఏం కొలుస్తున్నరు సారూ?"

"రోడ్డు. నాలుగు లైన్లది. నీ చెలక నడుమల నుంచే."

"ఊకెనే వచ్చినమంటున్నరు గదా?"

"ముప్పై ఏండ్ల సర్వీసు నాది సక్కుబాయీ. ఊకెనే వచ్చినమన్నరంటే గదే అసలు సర్వే." ఆయన గొంతు తగ్గించాడు. "రోడ్డుకు ఒట్టి చెలక పోతే సర్కారు ఇచ్చేది ఒక రేటు. చెట్లున్న చెలక పోతే ఇంకో రేటు. వాళ్లు రాసుకునేలోపల ఎన్ని నాటుకుంటే అన్ని."

సక్కుబాయి కొడవలి అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది.

ఒంటిగంటకల్లా చిన్న లెన్సుతో షాటు అయిపోయింది. సత్తెమ్మ అన్నానికి రమ్మని మూడుసార్లు ఫోను చేసింది. కెమెరా దగ్గర ఒకరు ఉండాలి కాబట్టి ముందు సంపత్ వెళ్లాడు. వెళ్తూ, "నేను వచ్చేసరికి చిన్నది తీసి పెద్దది పెట్టు. ఫ్రేము ఇంచు కదలొద్దు. ఎండకు తడి తువ్వాల కప్పు," అని పురమాయించాడు.

కృప లెన్సు పెట్టె మూత తీసింది. పెద్ద లెన్సును రెండు చేతులతో లేపి చూసింది. మూత వేసింది. తువ్వాల మాత్రం తడిపి, కెమెరాకూ లెన్సుకూ కలిపి కప్పింది.

తరువాత మానిటర్ వైపు చూసి ఆగిపోయింది. నిప్పులు చెరిగే ఎండలో చెలకల నిండా మనుషులున్నారు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ట్రాలీ ఆటోలోంచి మొక్కలు దిగుతున్నాయి. ఒకరు గుంత తవ్వుతుంటే ఇంకొకరు మొక్క పెట్టి ఆసరాకు కర్ర గుచ్చుతున్నారు. అందరికంటే ముందు, తన చెలకలో, పంచె ఎగగట్టి, గొడుగు పక్కన పారేసి, రవీందర్ సారు తవ్వుతున్నాడు. మిట్టమధ్యాహ్నం మొక్కలు నాటేవాళ్లను కృప ఎన్నడూ చూడలేదు. ఎందుకో తెలియలేదు గానీ, చేయి ఊరుకోలేదు. రికార్డింగ్ నొక్కి, తువ్వాల కిందికి చేయి పోనిచ్చి రింగు మెల్లగా తిప్పింది. పొలమంతా, తరువాత మనుషులు, తరువాత ఒక్క మనిషి, చివరికి రవీందర్ సారు ముక్కు కొసన ఊగుతున్న చెమట చుక్క.

సంపత్ రెండున్నరకు గానీ రాలేదు. ఏ లెన్సు మంచిదో సత్తెమ్మను అడుగుతూ కూర్చున్నాడట. వస్తూనే, చెలకల వైపు కన్నెత్తి కూడా చూడకుండా మానిటర్ చూసి, దాని ముందు గొంతుక్కూర్చుండిపోయాడు.

"కృపా! గీ చెట్లు పొద్దుటి లెన్సుల కనవడ్డయా?"

"లేదు," అంది కృప. అది నిజమే.

"సూసినవా! క్లారిటీ అంటే గిది! చిన్నదానికి ఒక్క చెట్టన్న అందిందా? పెద్దది పెట్టంగనే కర్రలతోసహ అన్ని దొరికినయ్!"

కృప నీళ్ల సీసా మూత తీసి, మొహం అటు తిప్పుకొని చాలాసేపు నీళ్లు తాగింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో సంపత్ ఒక వస్తువును ఒక్క నిమిషంలో ఎంచుకోవడం ఆమె చూడడం ఇదే మొదలు. చెడగొట్టబుద్ధి కాలేదు. అతను అప్పుడే కోదాడకు ఫోను కలిపాడు.

"ముఖేషూ, పెద్దదే ఖాయం చేస్తున్న. చెట్లు కనవడ్తున్నయ్!"

"చెట్లు ఏ లెన్సులోనైనా కనిపిస్తాయి కదన్నా?"

"నీ చిన్నదాంట్ల కనవడలే. ఒక్కటి గూడ."

"ఎండలో ఉన్నావా అన్నా? కాస్త మజ్జిగ తాగు."

మజ్జిగ నిజంగానే వచ్చింది. సక్కుబాయి చెంబు కృప చేతికిచ్చి పక్కనే చతికిలపడింది.

"తాగు బిడ్డా. తాగినంక బుక్కుల రాసుకో. మాయి ముప్పై ఆరు చెట్లు. మామిడియి ఇరవై, జామయి పదహారు."

"ఎప్పుడు పెట్టినవ్ అవ్వా?"

"పదేండ్లయితున్నది."

పదేళ్ల జామ చెట్టు ఎదురుగానే ఉంది. మోకాలెత్తు ఉంది. మొదలు చుట్టూ నర్సరీ సంచి ఇంకా చింపలేదు. కృప బుజ్జగించి అడిగితే సక్కుబాయి రోడ్డు సంగతి, రేట్ల సంగతి అంతా చెప్పేసింది. విన్న సంపత్‌కు రోడ్డు పట్టలేదు, రేట్లు పట్టలేదు. పొద్దుటి షాటులో లేని చెట్లు ఇప్పటి షాటులో ఉన్నాయి. రెండు షాట్లూ ఒకటి కానప్పుడు ఏ లెన్సు మంచిదో పోల్చేదెట్లా? ఒక్క నిమిషంలో కుదిరిన నిర్ణయం ఒక్క నిమిషంలో కూలింది. టైము చూస్తే మూడుంబావు. అతను గట్టెక్కి, రెండు చేతులెత్తి అరిచాడు.

"అన్నా! అక్కా! జర ఆ మొక్కలన్ని పీకుండ్రి! పది నిమిషాలే! మల్ల పెట్టుకుందురు!"

చెలకల్లో గడ్డపారలు ఆగిపోయాయి. తరువాత అన్నీ ఒకేసారి గట్టు వైపు కదిలాయి.

"పీకమంటున్నడు!"

"వాని జాగలున్నయా పీకెతందుకు!"

"సర్వే కాదన్నా, షూటింగ్! ఇది కెమెరా!" అని సంపత్ మొత్తుకున్నాడు.

"ఇప్పుడు షూటింగా?" అన్నాడు రవీందర్ సారు, మనుషుల్ని తోసుకుంటూ ముందుకొచ్చి. "పొద్దున ఊకెనే అంటివి గదా? నీ పెద్దసారును పిలువు. ఆయన వచ్చేదాక ఈ పెట్టె నా దగ్గర్నే ఉంటది." ఆయన లెన్సు పెట్టెను రెండు చేతులతో ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

సంపత్ కృప చెవిలో గుసగుసగా అన్నాడు. "నయం. చిన్నది పోయింది. పెద్దది కెమెరాకే ఉన్నది."

కృప ఫోను తీసి మిర్యాలగూడ కలిపింది. "సార్, మమ్మల్ని కదలనిస్తలేరు. అయిదింటికి మేము రాలేం. మీరే రావాలె సార్, మీ కాళ్లు మొక్కుత."

అయిదుకు పది నిమిషాల ముందు తెల్ల కారొకటి వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, చంకలో పాటల ఫైలుతో దేవదాసు దిగాడు. ఆ ఫైలు చూడగానే రవీందర్ సారు పంచె దించి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. సక్కుబాయి అందరికంటే ముందు చేతులు జోడించింది.

"ముప్పై ఆరు చెట్లు సారూ."

దేవదాసుకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఆయన నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. "చాలా సంతోషమమ్మా. నీళ్లు బాగా పోస్తున్నావా?" అన్నాడు. జనంలో ఒక నిట్టూర్పు వినిపించింది. లెక్కలో ఎక్కినట్టే.

"షాటు ఏదయ్యా?"

సంపత్ పొద్దుటి షాటు పెట్టాడు. ఖాళీ పొలం, ఆపైన దగ్గరికి, ఇంకా దగ్గరికి, నల్ల గీతల చార్టు. దేవదాసు పెదవి విరిచాడు. "కర్రకు కన్నుంటుందా? నేనడిగింది మనిషిని." ఫైలు చంకలోకి సర్దుకొని కారు వైపు ఒకడుగు వేశాడు.

"ఒక్క నిమిషం సార్. ఇంకోటున్నది," అంది కృప.

మానిటర్‌లో ఎండలో కాలిపోతున్న చెలకలు, గుంపులు గుంపులుగా మనుషులు కనిపించారు. అందులోంచి ఒక్క మనిషి దగ్గరవుతూ వచ్చాడు. గడ్డపార, నెరిసిన మీసం, నేల పోతుందన్న బెంగతో ఎర్రబడ్డ రెండు కళ్లు. ఆ కళ్ల నడుమ నుంచి జారి, ముక్కు కొసన వణికి, రాలిపడిన చెమట చుక్క. ఎక్కడా మసక లేదు.

"సారూ, నువ్వే!" అని సక్కుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రవీందర్ సారు మానిటర్ మీదికి వంగాడు. "వామ్మో, నాటుతుంటే గూడ పట్టిన్రు. సర్వేలు వీడియోలల్ల చేస్తున్నరేంది ఇప్పుడు?"

దేవదాసు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇదీ నేనడిగింది. ఎవరు తీశారు?"

"నేనే సార్," అంది కృప. "ఊకెనే."

"పది పాటలూ మీవే. కానీ ఆ రింగు తిప్పేది ఈ అమ్మే."

సంపత్ గాలిలో తేలిపోయాడు. "సూసిన్రా సార్! పెద్ద లెన్సంటే గట్లుంటది! నేను పొద్దుటి సంది మొత్తుకుంటున్న, బరువుంటేనే లెన్సని! చిన్నదాంతోని గీ జన్మల వచ్చేదా గా చుక్క!"

"పెద్దసారు వచ్చిండు గదా, ఇగ మీ పెట్టె మీరు తీసుకోండ్రి," అని రవీందర్ సారు పెట్టెను అతని ముందు దించాడు. "నా భుజాలు గుంజుతున్నయ్. గింత బరువేందయ్యా?"

"బరువా?" అన్నాడు సంపత్.

మూత తీశాడు. లోపల పెద్ద లెన్సు, కోదాడలో చుట్టిన గుడ్డ కూడా విప్పకుండా, హాయిగా పడుకొని ఉంది. అతను పెట్టెను చూశాడు. కెమెరాను చూశాడు. తువ్వాల కొస పట్టుకొని లాగాడు.

చిన్న లెన్సు.

"మస్తు బరువున్నది. తియ్యబుద్ధి కాలే," అంది కృప, తువ్వాల తీసుకొని మడత పెడుతూ.

చెలకంతా అతని వైపే చూస్తోంది. సంపత్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా గట్టు చివరన ఉన్నవాళ్లకు కూడా వినపడేలా అన్నాడు.

"తప్పు నాదే."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఆఫీసరు నోటా ఆ మాట విని ఎరగని రవీందర్ సారు, వీళ్లు ప్రభుత్వం మనుషులు కారని అప్పుడు నమ్మాడు.