నర్సమ్మ బండికి ఏనుగు పరీక్ష

ఒక పెద్ద అడవిలో... నిజం చెప్పాలంటే అది చిన్న అడవే. కానీ ఇకనుంచి పెద్ద అడవి అనే పిలవాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. వాళ్ళతో మనకెందుకు గొడవ, పెద్ద అడవే అనుకుందాం.

ఆ అడవికంతటికీ ఒక్కతే నర్సు, ముంగిస మంగతాయారు. పొద్దున్నే చుక్కల మందు పెట్టెలో మంచుగడ్డలు సర్దుకుని, భుజాన తగిలించుకుని, గుట్టలెక్కి దిగి పిల్లలకి చుక్కలు వేసేది. అంతా బాగానే ఉండేది కానీ, వెదురు సందు దాటి కుందేళ్ళ పేట చేరేసరికి మంచు కాస్తా నీళ్ళయిపోయేది. మంచు కరిగితే మందు పనికిరాదు. వరసగా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ బుజ్జి కుందేళ్ళతో "మూసుకోండమ్మా, ఇంకోసారి వేస్తాను" అని చెప్పి వెనక్కి తిరగడం ఆవిడకి ఎంత నామర్దాగా ఉండేదో! వానలు పడితే జబ్బులు మొదలవుతాయి. ఆలోగా చుక్కలు పడి తీరాలి.

కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, చివరికి పంచాయతీవాళ్ళు నర్సమ్మకి ఒక స్కూటర్ ఇస్తామని ఒప్పుకున్నారు.

బళ్ళమ్మే ఎలుగుబంటి ఎర్రయ్య రెండు స్కూటర్లు తెచ్చి పంచాయతీ ఆఫీసు ముందు స్టాండు వేశాడు. ఒకటి పెద్దది, బారు సీటూ, వెడల్పాటి ముందు భాగమూ. రెండోది చిన్నది, సన్నంగా చలాకీగా ఉంది.

మంగతాయారు చిన్నదాని మీదికి ఎగిరి కూర్చుంది. బొటనవేళ్ళు నేలకి ఆనీ ఆననట్టు తగిలాయి. "ఇది చాలండీ నాకు! ఒక్క రౌండు కొట్టొస్తాను."

"ఆగాగు!" అని కేకేశాడు సెక్రటరీ నక్క జంబులింగం. "పూజ చెయ్యని బండిని కదిలిస్తారా ఎవరైనా? అరిష్టం!"

"అయితే పూజ చేయించండి."

"చేయించాలంటే బండి మనదవ్వాలి. మనదవ్వాలంటే రెండిట్లో ఏదో తేలాలి. తేలాలంటే కమిటీ కూర్చోవాలి."

"కదలకుండా బండి సంగతి ఎలా తెలుస్తుందండీ?"

"కమిటీలకి కదలకుండానే తెలుస్తుందమ్మా" అన్నాడు జంబులింగం చాలా దయగా.

అన్నట్టు, ఆ మాటంటూనే అతగాడు పెద్ద బండి సీటు మీద తోక చాపి కొలుచుకుంటున్నాడు. "మా అత్తగారు ఇక్కడ... పిల్లలు ఇక్కడ..." అని గొణుక్కోవడం మంగతాయారు చెవిన పడనే పడింది. ఆవిడకి సంగతి అర్థమైపోయింది. తనకి అందని బండి కొనిపిస్తే అది ఆఫీసు ముందే పడుంటుంది. పడున్నదాన్ని కనిపెట్టుకుని ఉండడానికి సెక్రటరీగారు ఉండనే ఉన్నారు!

కమిటీ కూర్చుంది. వాహన నిపుణుడిగా కోతి కోదండాన్ని పిలిపించారు. ఆయన ఒకసారి టౌనుకెళ్ళి, ఆగున్న స్కూటర్ అద్దం పీక్కొచ్చాడు. అప్పట్నుంచీ అడవిలో బళ్ళ గురించి ఎవరికి ఏ సందేహమొచ్చినా ఆయన్నే అడుగుతారు. కోదండం రెండు బళ్ళ అద్దాల్లోనూ తన మొహం చూసుకున్నాడు.

"చిన్నదాంట్లో ఒక చెవి కనపడ్డంలేదు. పెద్దదాంట్లో రెండూ ఉన్నాయి. పెద్దదే మేలు."

"అద్దం వెనకాల వచ్చేవాళ్ళని చూడ్డానికండీ!" అంది మంగతాయారు.

"వెనకాల వచ్చేవాళ్ళతో నాకేం పని?" అన్నాడు కోదండం.

ఇక ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి కోసం కొన్నా సరే, ముందు ప్రెసిడెంటుగారు వాడి చూడాలి. ప్రెసిడెంటు ఎవరనుకున్నారు? ఏనుగు గజపతిగారు! పిచ్చుకలకి ఊయల కొన్నప్పుడు కూడా ఆయనే ఊగారు. ఆ ఊయల ఇప్పుడు లేదు, ఆ కొమ్మా లేదు.

"అయ్యా, తమరు కూర్చుంటేగానీ దీని అసలు రంగు బయటపడదు" అన్నాడు జంబులింగం.

గజపతిగారు చిన్న బండి మీద కూర్చున్నారు. కుయ్యిమని ఒక్క మూలుగు, అంతే.

"బండేదయ్యా?" అన్నారు చుట్టూ చూసి.

"తమ కిందే ఉందండి."

"మరి కనపడదేం? ఎక్కినట్టు నలుగురికీ తెలియని బండి ఎందుకూ?" అని లేచి, పెద్దదాని మీద కూర్చున్నారు. ముందు లైటూ వెనక లైటూ చెరోపక్కా బయటికి కనిపించాయి. "ఆ! ఇదీ బండంటే!"

మంగతాయారు ఇక ఉండబట్టలేకపోయింది. "అయ్యా, నడిపేది నేనండీ! దీని మీద నా కాళ్ళు గాల్లో ఉంటాయి. స్టాండు తియ్యాలంటే నలుగురు పట్టాలి. వెదురు సందులో ఇది దూరదు. నాకు రోజూ ఆ దారేనండీ!"

"పిల్లలకి బట్టలు ఒక సైజు పెద్దవే కుట్టిస్తాం కదమ్మా?" అన్నాడు జంబులింగం. "నువ్వూ ఎదుగుతావులే."

"నాకు మనవలున్నారండీ!"

"అయితే ఇంక ఆలస్యం చెయ్యకు."

అందరూ చేతులెత్తారు. గజపతిగారు తొండమెత్తారు. పెద్ద బండి ఖాయమైపోయింది.

ఎర్రయ్య చిన్న బండిని తీసుకుపోదామని వచ్చి లబోదిబోమన్నాడు. "సీటు పాతాళానికి దిగిపోయింది కదయ్యా! ఏనుగు కూర్చున్న బండిని ఎవడు కొంటాడు? నేను పట్టుకెళ్ళను, మీరే ఉంచుకోండి!"

"పనికిరాని సామాను కింద పడేద్దాం. నర్సమ్మా, నీ మందుల గది వెనకాల పెట్టుకో" అన్నాడు జంబులింగం.

మంగతాయారు దాన్ని తోసుకుంటూ తీసుకెళ్ళింది. పాపం, దుఃఖం ఆగలేదు. కుందేళ్ళ పేట పిల్లల్ని తలుచుకుని, ఆ సొట్టబండి మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ కిందికి చూసుకుంది. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనుకుని ఉన్నాయి!

ఏడుపు సగంలో ఆగిపోయింది. మీట నొక్కితే బండి బుర్రుమంది.

పూజ రోజు రానే వచ్చింది. పెద్ద బండికి బంతిపూల దండలు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "నర్సమ్మకి ఎలాగూ అందదు. ప్రజాసేవ కోసం ఆ కష్టమేదో నేనే పడతాను" అంటూ జంబులింగం ఎక్కి కూర్చున్నాడు. అత్తగారు, పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని తయారుగా నిలబడ్డారు.

"మొదటి సవారీ నేను లేకుండానా?" అంటూ గజపతిగారు వెనక ఎక్కేశారు.

ఇంకేముంది! ముందు చక్రం ఆకాశంలోకి లేచింది. నక్క పైన, ఏనుగు కింద. జంబులింగం భయంతో హ్యాండిల్ ఇంకా మెలితిప్పాడు. వెనక చక్రం నిమ్మకాయని పచ్చడి చేసి దూసుకెళ్ళింది. గజపతిగారు జారి ప్రసాదం బేసిన్‌లో కూర్చున్నారు. బరువు దిగిన బండి బాణంలా పోయి వెదురు సందులో బిరడాలా ఇరుక్కుంది. జంబులింగం మాత్రం ఆగలేదు. ఎగిరెళ్ళి రేగుముళ్ళ పొదలో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే అవతలి వైపు నుంచి బుర్రుమంటూ చిన్న బండి వచ్చింది. మంగతాయారు కుందేళ్ళ పేటలో బుజ్జి నోళ్ళన్నిటికీ చుక్కలు వేసి వస్తోంది. ఇంకా కరగని మంచు పెట్టెలో గలగలమంటోంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

జంబులింగాన్ని బయటికి లాగి కూర్చోబెట్టింది. "ఒళ్ళంతా ముళ్ళేనండీ, ఇంజెక్షన్ వెయ్యాలి. నా దగ్గర రెండు సూదులున్నాయి. ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది."

ఈలోపు కమిటీ మొత్తం రొప్పుకుంటూ వచ్చింది. గజపతిగారు సూదులు రెండూ చూసి, "చిన్నది కనపడనే కనపడదే! మన సెక్రటరీ హోదాకి పెద్దదే ఉండాలి" అన్నారు. "పెద్దదే తళతళమంటోంది" అన్నాడు కోదండం. చేతులు లేవబోతున్నాయి.

"వద్దు బాబోయ్!" అని గోలెత్తాడు జంబులింగం. "కమిటీ వద్దు! గుచ్చుకునేది నాకు! చిన్నదే మేలమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"అందుతున్నాయాండీ నా కాళ్ళు?" అని మంగతాయారు పకపకా నవ్వి, చిన్న సూదే తీసింది.

ఇంతకీ ఈ కథలో నీతి: ఎప్పుడూ పెద్దదే ఎంచండి, వాడేది మీరు కాదని ముందు రూఢి చేసుకుని.