ఎర్ర ప్యాంట్ల పటాలం

శుక్రవారం పొద్దున్నే ఖాదర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖబూరా బజారుకు బయలుదేరాడు. అతను ఆ అరబ్బు దేశంలో ఒక కంపెనీలో నీళ్ళ బండి డ్రైవరు. ప్రొద్దుటూరులో రాబియా తండ్రి, సర్కారు నౌకరీ లేనివాడికి పిల్లనివ్వనని అతని సంబంధాన్ని రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి సరే ఫొటో పంపమన్నాడు. ఊరెళ్ళే మనిషి మధ్యాహ్నం విమానాశ్రయానికి బస్సెక్కుతున్నాడు. ఈలోగా ఫొటో అతని చేతిలో పెట్టాలి.

స్టూడియో జావెద్‌ది, వాళ్ళ కడపవాడే. జలపాతం బొమ్మ ఉన్న తెర ఉతుకులో చిరిగిపోయింది. కుర్చీ వెనక గోడకి రెండు పెద్ద కాగితాలు అతికించి ఉన్నాయి. ఒక ఫ్రెంచి ఇంజినీరు ఫ్రేము కట్టమని ఇచ్చినవి. నూట ముప్పై ఏళ్ళ కిందటి యుద్ధం బొమ్మలు, చెక్క అచ్చులతో గుద్ది రంగులు పూసినవి. వాళ్ళ దేశంలో ఒకప్పుడు సంతల్లో చవగ్గా అమ్మేవారట. నీలం కోట్లు, ఎర్ర ప్యాంట్లు, పొగలు కక్కే ఫిరంగులు. రంగు గీతలు దాటి పారి, ఒక గుర్రం సగం సైనికుడి ప్యాంటులా ఎర్రబడింది.

"ఈటి ముందర కూసోవల్లనా భాయ్?"

"నీ మొకం బాగా పడితే సాలు. ఎనకాలంతా మసగ్గా వస్తాది."

మసగ్గానే వచ్చింది. అందుకే గోడ మీది బొమ్మ బొమ్మలా లేకుండా పోయింది. ఖాదర్ చెవి పక్క ఫిరంగి, భుజం మీద పొగ, మధ్యలో అతని చిరునవ్వు.

అది కువైట్ గొడవ మొదలైన ఏడాది. పది రోజులకు, ఊళ్ళో ఆ ఫొటో చూసిన తల్లి సుగ్రా బేగం టెలిగ్రాం ఇచ్చింది: "యుద్ధం మాని వెంటనే రా."

ఖాదర్ ఆమెకు క్యాసెట్ పంపాడు. అరువు తెచ్చిన టేప్‌రికార్డరు సాయంత్రానికి తిరిగివ్వాలి కనుక, డ్యూటీలోనే, కొండరాళ్ళు పేల్చే సైట్ దగ్గర కూర్చుని మాట్లాడాడు.

"అమ్మీ, ఈడ యుద్ధమేమీ లేదు." ధడాం. "అంతా సల్లగా ఉండాది." ధడాం. "ఈళ్ళకు దినామూ ఇదే పని, నువ్వు బయపడాకు."

కొడుకు బతికే ఉన్నాడని చూపించడానికి ఆమె ఆ క్యాసెట్ తీసుకెళ్ళి రాబియా ఇంట్లో వినిపించింది.

మరో వారానికి ఫొటో వెనక ముద్రలో ఉన్న స్టూడియో నంబరుకు రాబియా తండ్రి ట్రంకాల్ చేశాడు. జావెద్ పరుగున వెళ్ళి ఖాదర్‌ను పిలుచుకొచ్చాడు. సంబంధం తప్పిందనే అనుకుంటూ ఖాదర్ రిసీవర్ అందుకున్నాడు.

"బేటా, ఆ ఎర్ర ప్యాంట్లోళ్ళు మీ పటాలమేనా?"

"అది కాగితం మీది బొమ్మ మామూ. నేను నీళ్ళ బండి డ్రైవర్ని."

అవతలి గొంతు తగ్గింది.

"అవున్లే, ఫోన్లో సెప్పకూడదు. పింఛను మటుకు వస్తాది కదా?"

"అల్లా సాక్షిగా మిలిట్రీ కాదు మామూ. రేపు తెలిసినాక మీరే నన్ను దగాకోర్ అంటారు."

"అట్లనే ఉండల్ల. ఎవురడిగినా ఇదే మాట సెప్పు. రంజాన్ అయినాక నిఖా."

కాబోయే అల్లుడు రహస్యం దాచడంలో గట్టివాడని, ఆ సాయంత్రానికల్లా రాబియా తండ్రి ప్రొద్దుటూరులో వీధి వీధికీ చెప్పి వచ్చాడు.