మా బిర్సానగర్ దండీల మహాత్మ్యం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, అమ్మలూ, బాబులూ. మీ ఇంట్లో మగపిల్లాడు పొద్దున్నే లేచి దండీలు తీస్తున్నాడా? విసుక్కోకండి. ఇంటికి అంతకు మించిన భాగ్యం లేదు.

టాటానగర్ పక్క మా బిర్సానగర్ ఇంట్లో ఆ భాగ్యం ఏడాదిగా తాండవిస్తోంది. మా మనవడి పేరు దేముడు, ఇరవై రెండేళ్లు. ఒక కార్ఖానాలో గేటు కాపలా ఉద్యోగాలు పడ్డాయి. ఛాతీ కొలుస్తారు. ఇనపకడ్డీకి వేలాడి, గడ్డం కడ్డీ దాటేలా ఎనిమిదిసార్లు పైకి లేవమంటారు. ఉద్యోగం వస్తే క్వార్టరు వస్తుంది. క్వార్టరులో కుళాయి ఉంటుంది. అందుకని ఇంటిల్లిపాదీ వాడి భుజాల మీదే ఆశలు పెట్టుకున్నాం.

వీధి చివర పోలరాజు ఉస్తాదు ఉన్నాడు. "డైలీ రెండొందల దండీలు కొట్టరా, బాడీ దానంతటదే వత్తాది" అని మంత్రం చెప్పాడు.

దండీలకు సామాను అక్కర్లేదు, ఒళ్లే సామాను. ఎంత సుఖమో చూడండి! దండీలు తీసినవాడికి అర్ధశేరు పాలు, గిన్నెడు నానేసిన శనగలు, ఆవనూనె మర్దనా, స్నానానికి మూడు బకెట్ల నీళ్లు. అంతే. ఆ నీళ్లు వాడి చెల్లెలు పద్మకుమారి నూతిలోంచి తోడుతుంది. లోతైన నుయ్యి. ఇంటి మొత్తానికి పూటకు ముప్పై చేదలు.

ఇంకా లాభాలున్నాయి. వాడి రొప్పు విని ఎదురింటివాళ్లు తలుపు మూసుకుంటారు కాబట్టి పంచదార అప్పుకు రారు. వీధికుక్కలు ఊరు మారాయి. వాకిట్లో చెమట చూసి నేను కళ్లాపి మానేశాను.

ఆరు నెలలకు ఛాతీ పొంగింది. భుజాలు ముందుకు వంగాయి. నడుస్తుంటే ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టు ఉండేవాడు. చొక్కాకు ముందు బొత్తాలు తెగేవి, వెనక గుడ్డ వేలాడేది.

పరీక్షనాడు ఛాతీ కొలతలో వాడే ఫస్టు. కడ్డీ దగ్గర మాత్రం ఒకటి, ఒకటిన్నర. హవల్దారు చుట్టూ తిరిగి చూసి, "ముందంతా ఉంది, వెనకేది? నేలను నెట్టడమే నేర్చావు, లాగడం నేర్చుకుని రెండు నెలలకు రా" అన్నాడట.

నేను చదువుకున్నదాన్ని కాను. అయినా లాగడం అనగానే నా కళ్లు నూతి వైపు పోయాయి.

"ఒరే, రేపట్నించి నీళ్లు నువ్వు తోడు. ఈపు అదే గట్టిపడద్ది" అన్నాను.

"క్యా మామ్మా, మొహల్లావాళ్లు ఏటనుకుంటారు? ఓ తో లడ్కీ లోగ్ కా కామ్ హై, ఆడపిల్లల పని."

"కడ్డీకి గబ్బిలంలాగ ఏలాడితే ఏటీ అనుకోరేటి?"

"అది ఎక్సర్‌సైజు మామ్మా."

నిజమే. లాగితే నీళ్లు వస్తే పని. ఏమీ రాకపోతే ఎక్సర్‌సైజు.

టాటానగర్ పాత ఇనుము కొట్లోంచి పైపు తెచ్చి, నూతి పక్కనే రెండు గుంజలకు బిగించాడు. రోజూ పొద్దున్నే వాడు పైపు లాగుతాడు, చెల్లెలు చేంతాడు లాగుతుంది. నాలుగు దాటితే వాడికి ఊపిరాడదు. "పానీ" అంటాడు. అది చేద దించి గ్లాసు అందిస్తుంది.

రెండో పరీక్షకు వాడు వెళ్లిన పూట పెరట్లో నేనూ పద్మకుమారీ తప్ప ఎవరూ లేరు. అది అటూ ఇటూ చూసింది. కొంగు బొడ్లో దోపి, ఎగిరి పైపు పట్టుకుంది. నేను లెక్కపెట్టాను. పదకొండు. దిగి అరచేతులు చూసుకుంది.

"మామ్మా, ఆ నౌకరీకి ఆడపిల్లల్ని తీసుకుంటారేటి?"

"తీసుకోరే."

"అయితే ఎవలికీ చెప్పకు" అంది. మళ్లీ చేద నూతిలోకి వదిలింది.

సాయంత్రం మనవడు వచ్చాడు. ఆరు దగ్గర చేతులు వదిలేశాడట. ఉద్యోగమూ లేదు, క్వార్టరూ లేదు, కుళాయీ లేదు. పాపం, కష్టపడ్డాడని మర్నాటి నుంచి శేరు పాలు పోయిస్తున్నాం. స్నానానికి ఇంకో బకెట్టు కలిపాం.

ఎవరికీ చెప్పకు అంది గాని, నేను కడుపులో దాచుకునే ముసలిదాన్నేనా? మీరు గుర్తుపెట్టుకోండి. కద్మా బజారులో చెప్పండి, రైల్లో చెప్పండి, మీ అల్లుళ్లకు అన్నం వడ్డిస్తూ చెప్పండి. బిర్సానగర్‌లో పద్మకుమారి పదకొండుసార్లు లేచిందని పేరుతో సహా చెప్పండి. మా ఇంట్లో ఆ పేరు నీళ్లు కావలసినప్పుడే పిలుస్తారు.